క్లచ్ ప్లేటు మార్పించే ముందు వైరు చూడండి: పాత మారుతి 800కు ఇంటి దగ్గరే క్లచ్ సర్దుకోవడం ఎలా?

ఒడిశాలోని మా కొరాపుట్ జిల్లాలో పాత మారుతి 800ను షెడ్డుకు తీసుకెళ్లి క్లచ్ సరిగ్గా లేదని చెప్పారనుకోండి, చాలాసార్లు బానెట్ ఎత్తకముందే ఒక మాట వినిపిస్తుంది: ‘ప్లేటు సరిగలా’. ప్లేటు అయిపోయింది అని ఒడియాలో చెప్పడం. కొన్నిసార్లు నిజంగానే అయిపోయి ఉంటుంది. మా నాన్నగారి 1997 మోడల్ బండికి మాత్రం అది నిజం కాలేదు. గేర్లు పడటం లేదని జయపురంలో గేర్‌బాక్స్ దింపించి ప్లేటు మార్పించాం. బండి రెండు రోజులు షెడ్డులోనే ఉంది. పాత ప్లేటు ఇంటికి తెచ్చుకుని చూస్తే, రివెట్ల తలల పైన ఇంకా బోలెడంత లైనింగ్ (ప్లేటు మీద అరిగే పొర) కనిపించింది. నెల తిరక్కుండానే గేర్లు మళ్లీ మొరాయించాయి. అసలు తప్పు క్లచ్ వైరుది. పెడల్ పైన కొక్కెం దగ్గర నాలుగైదు పోగులు తెగి, తొక్కినప్పుడల్లా కొంచెం కొంచెం సాగుతోంది.

అప్పటి నుంచి మా బండి క్లచ్ నేనే చూసుకుంటున్నాను. పది నిమిషాల పని, రెండు పానాలు చాలు. మీ ఇంట్లో కూడా పాత 800 ఉంటే, ముఖ్యంగా సాలూరు నుంచి సుంకి ఘాటీ (ఘాట్ రోడ్డు) ఎక్కి పొట్టంగి, సిమిలిగుడ మీదుగా తిరిగే బండి అయితే, ఈ పని మీ చేతికి రావాలి.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకోండి

మారుతి 800 క్లచ్‌లో ఆయిల్ పైపులు లేవు, సిలిండర్లు లేవు. పెడల్ నుంచి ఒక స్టీలు వైరు బయల్దేరి, ఇంజిన్ వెనక రేకు గోడలోంచి బయటికి వచ్చి, గేర్‌బాక్స్ మీదున్న చిన్న లీవర్‌కు తగులుకుంటుంది. మీరు పెడల్ తొక్కితే వైరు లీవర్‌ను లాగుతుంది. లీవర్ లోపల రిలీజ్ బేరింగ్‌ను నెడుతుంది. బేరింగ్ వెళ్లి ప్రెషర్ ప్లేటు మీద వేళ్లలా పరుచుకుని ఉన్న స్ప్రింగును నొక్కుతుంది. అప్పుడు క్లచ్ ప్లేటు మీద పట్టు వదులుతుంది.

కాలు తీసేశాక బేరింగ్ ఆ స్ప్రింగు వేళ్ల మీద ఒత్తిడి పెట్టకూడదు. అందుకే వైరులో కొంచెం వదులు ఉంచుతారు. దీన్నే ఫ్రీ ప్లే అంటాం. పెడల్ దగ్గర ఇది సుమారు 15 నుంచి 25 మిల్లీమీటర్లు, కింద లీవర్ దగ్గర 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి. బండితో వచ్చిన పుస్తకం మీ దగ్గరుంటే అందులో ఉన్న అంకెనే పాటించండి.

ఇక అసలు కీలకం ఇక్కడుంది. ప్లేటు అరిగేకొద్దీ ఆ స్ప్రింగు వేళ్లు బేరింగ్ వైపుకు జరుగుతాయి. కాబట్టి ప్లే తగ్గుతూ వస్తుంది. వైరు సాగేకొద్దీ ప్లే పెరుగుతూ వస్తుంది. రెండూ ఎదురెదురు దిక్కులు. మీ బండి ప్లే ఏ దిక్కుకు మారుతోందో తెలిస్తే, రోగం ప్లేటుదా, వైరుదా అన్నది సగం తేలిపోయినట్టే. నెలకోసారి స్కేలు పెట్టి కొలిచి, కిలోమీటర్లతో సహా ఒక పుస్తకంలో రాసుకోమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. ఒక్కసారి కొలిస్తే ఆ రోజు పరిస్థితి తెలుస్తుంది, ఆరు నెలలు రాస్తే ఏ భాగం అరుగుతోందో తెలుస్తుంది.

పానా పట్టుకునే ముందు

కాలి కింద మ్యాట్లు తీసేయండి. మా వైపు వానాకాలంలో రబ్బరు మ్యాటు మీద ఇంకో మ్యాటు, దాని మీద గోనెపట్టా కూడా పరుస్తారు. ఆ మందం వల్ల పెడల్ కిందిదాకా వెళ్లదు. గేర్లు కరకరమంటాయి. మ్యాట్లు తీసి ఒకసారి నడిపి చూడండి. అంతటితోనే బాగైన బండ్లు నాకు తెలుసు.

తర్వాత టార్చి పట్టుకుని తల డ్యాష్‌బోర్డు కిందకు పెట్టండి. పెడల్ పైభాగాన వైరు కొస కొక్కేనికి తగులుకుని ఉంటుంది. అక్కడ వైరు మీద వేలు మెల్లిగా పోనివ్వండి. నున్నగా జారితే మంచిదే. సూదిలా ఏదైనా గుచ్చుకుంటే అది తెగిన పోగు. ఒక్క పోగు తెగినా ఆ వైరును సర్దే ప్రయత్నం చేయకండి, కొత్తది వేయండి. మిగిలిన పోగుల మీద బరువు పెరిగి అవి కూడా వరసగా తెగుతాయి. పైగా ఎప్పుడూ గట్టిగా తొక్కాల్సిన చోటే, అంటే ఘాటీలోనే తెగుతాయి.

ఇంకొకటి కూడా అప్పుడే చూసేయండి. ఎవరినైనా పెడల్ తొక్కమని చెప్పి, వైరు పైతొడుగు రేకు గోడకు ఆనుకునే చోటును మీరు చూడండి. పాత బండ్లలో అక్కడ రేకు తుప్పు పట్టి బలహీనపడుతుంది. పెడల్‌తో పాటు గోడ కూడా కదులుతుంటే, మీరు తొక్కిన దాంట్లో కొంత అక్కడే ఖర్చవుతోంది. అలాంటప్పుడు వైరు బిగించినా పెద్దగా లాభం ఉండదు. గోడకు వెల్డింగ్ కావాలి.

స్లిప్ అవుతోందా, పట్టు వదలడం లేదా?

క్లచ్ బాగోలేదు అనే మాట కింద రెండు వేర్వేరు రోగాలున్నాయి. వాటికి మందులు కూడా వేర్వేరు.

మొదటిది స్లిప్ అవడం. ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. గట్టిగా లాగిస్తే మాడు వాసన వస్తుంది. దీన్ని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. చదునైన చోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగండి. ఇంజిన్ స్టార్ట్ చేసి నాలుగో గేరు వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలండి. క్లచ్ బాగుంటే ఇంజిన్ వెంటనే ఆగిపోతుంది. పూర్తిగా వదిలాక కూడా ఇంజిన్ తిరుగుతూనే ఉంటే స్లిప్ అవుతోందని అర్థం. ఈ పరీక్ష ఒక్కసారే చేయండి. మళ్లీ మళ్లీ చేస్తే ఉన్న లైనింగ్ కూడా మాడుతుంది.

రెండోది పట్టు పూర్తిగా వదలకపోవడం. పెడల్ కిందిదాకా తొక్కినా గేరు పడదు, లేదా బండి మెల్లగా ముందుకు పాకుతుంది. దీనికి రివర్స్ గేరుతో పరీక్ష చేయాలి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, మనసులో ఐదు లెక్కపెట్టి, అప్పుడు రివర్స్ వేయండి. నిశ్శబ్దంగా పడితే బాగున్నట్టే. ఐదు లెక్కపెట్టాక కూడా కరకరమంటే క్లచ్ వదలడం లేదన్నమాట.

గేరు పడకపోయినప్పుడల్లా తప్పు క్లచ్‌ది కాకపోవచ్చు. ఇంజిన్ ఆపేసి గేర్లు వేసి చూడండి. ఆపినప్పుడు సులువుగా పడి, నడిచేటప్పుడు పడకపోతే అది క్లచ్ సమస్య. ఆపినా గట్టిగానే ఉంటే గేరు రాడ్డు బుష్‌లు చూడాలి. పొట్టంగి వైపు చలికాలం పొద్దున పూట మాత్రమే గట్టిగా ఉండి, ఐదు కిలోమీటర్లు తిరిగాక సర్దుకుంటే గేర్ ఆయిల్ చలికి చిక్కబడి ఉంటుంది. దానికి క్లచ్ విప్పాల్సిన పని లేదు.

వానాకాలమంతా వాడకుండా నిలిపేసిన బండిలో ఇంకో చిక్కు వస్తుంది. తేమకు ప్లేటు, ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రమైన ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది. పెడల్ మామూలుగానే తొక్కుడు పడుతుంది, ప్లే కూడా సరిగ్గానే ఉంటుంది, కానీ క్లచ్ అస్సలు వదలదు. వైరు జోలికి పోయి ఆ వదులు పాడుచేసుకోకండి.

సర్దే పద్ధతి

10 నంబర్, 12 నంబర్ పానాలు, ఒక ప్లేయర్, పిల్లల స్కేలు, వైర్ బ్రష్, కొంచెం గ్రీజు, కొంచెం కిరసనాయిలు దగ్గర పెట్టుకోండి. వైరు ఏ కంపెనీదన్న దాన్ని బట్టి నట్టు సైజు మారుతుంది కాబట్టే రెండు పానాలు చెప్పాను. ఇంజిన్ చల్లగా ఉండాలి. బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. పైనుంచి చెయ్యి అందకపోతే బండి ఎత్తాలి. కానీ ఒక్క జాకీని నమ్ముకుని కిందకు దూరవద్దు, గట్టి స్టాండు లేదా చెక్క దిమ్మలు ఉండాల్సిందే.

1. పెడల్‌ను కాలితో తొక్కవద్దు, చేత్తో నొక్కండి. నేల మీద స్కేలు నిలబెట్టి పెడల్ పక్కన ఆనించండి. మెల్లగా నొక్కుతూ ఉంటే మొదట తేలిగ్గా వెళ్లి, ఒకచోట బరువు తగులుతుంది. అక్కడిదాకా ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో రాసుకోండి.

2. బానెట్ ఎత్తి, గోడలోంచి వచ్చే నల్లటి వైరు వెంట చూపు పోనిస్తే గేర్‌బాక్స్ మీదున్న లీవర్ దొరుకుతుంది. వైరు కొసన మరలున్న కడ్డీ, దాని మీద నట్టు కనిపిస్తాయి. కొన్ని వైర్లకు వెనక ఇంకో లాక్ నట్టు ఉంటుంది.

3. ఆ మరలను వైర్ బ్రష్‌తో శుభ్రం చేయండి. మా ఎర్రమట్టి అక్కడ గట్టిగా కరుచుకుంటుంది. కిరసనాయిలు చుక్కలు వేసి కాసేపు ఆగండి. బురద మీదే నట్టు తిప్పితే మరలు చెడతాయి.

4. ఇప్పుడు లీవర్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడించండి. ఇది నేర్చుకోవాల్సిన స్పర్శ. కొంత దూరం ఊరికే ఆడుతుంది, తర్వాత మెత్తగా అడ్డు తగులుతుంది. ఆ మెత్తని అడ్డే బేరింగ్ వెళ్లి స్ప్రింగు వేళ్లను తాకడం. ఊరికే ఆడే ఆ దూరం 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి. అసలు ఆడకపోతే, మీరు పెడల్ మీద కాలు పెట్టకపోయినా బేరింగ్ ఎప్పుడూ నొక్కుకునే తిరుగుతోందన్నమాట.

5. ప్లేయర్‌తో కడ్డీ కొసను కదలకుండా పట్టుకుని నట్టు తిప్పండి. పట్టుకోకపోతే నట్టుతో పాటు వైరు కూడా మెలితిరుగుతుంది. లోపలి పోగులు అలాగే దెబ్బతింటాయి. నట్టు బిగిస్తే ప్లే తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. అర చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ లీవర్ ఆడించి చూడండి.

6. పెడల్‌ను ఒక పదిసార్లు పూర్తిగా తొక్కి వదిలి, మళ్లీ లీవర్ దగ్గరా పెడల్ దగ్గరా కొలవండి. వైరు సర్దుకుని కొలత మారితే మళ్లీ తిప్పండి.

7. లాక్ నట్టు ఉంటే బిగించండి. లేకపోతే నట్టు దాని గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. మరల మీద కొంచెం గ్రీజు రాయండి.

8. రివర్స్ పరీక్ష మళ్లీ చేసి, తర్వాత ఒక ఎక్కుడు ఎక్కించి చూడండి.

నట్టు ఎటువైపు జరిగి ఉందో గమనించండి. బాగా లోపలికి వెళ్లి ఇక బిగించడానికి మర మిగలకపోతే వైరు సాగిపోయింది, లేదా పెడల్ బుష్, లీవర్ షాఫ్ట్ అరిగాయి. దానికి విరుద్ధంగా, ఎంత వదిలినా ప్లే రాకపోతూ నట్టు కొస దాకా వచ్చేసిందంటే, అప్పుడు నిజంగానే ప్లేటు అరిగింది. షెడ్డుకు వెళ్లి ఈ ఒక్క సంగతి చెబితే మెకానిక్ కూడా మీ మాట వింటాడు.

చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. పెడల్ ‘వదులుగా ఉంది’ అని ప్లే మొత్తం తీసేసి బిగించేస్తారు. తొక్కగానే పట్టుకోవడం వాళ్లకు బాగున్నట్టు అనిపిస్తుంది. కానీ అక్కడి నుంచి బేరింగ్, స్ప్రింగు వేళ్లు, లైనింగ్ మూడూ కలిసి అరగడం మొదలవుతుంది. ఆ బండితో సుంకి ఘాటీ నాలుగుసార్లు ఎక్కితే స్లిప్ రావడం ఖాయం. ఆ వదులు ఉండి తీరాలి.

డ్రైవింగ్‌లో ఎడమ కాలు పెడల్ మీద ఆనించి ఉంచినా ఇదే జరుగుతుంది. కాలి బరువే ప్లేను తినేస్తుంది. ఘాటీ మలుపుల్లో లోడు లారీ వెనక ఆగినప్పుడు హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టకండి. హ్యాండ్ బ్రేక్ లాగి న్యూట్రల్ చేయండి. కదిలేటప్పుడు మొదటి గేరు వేసి, క్లచ్ పట్టుకునే చోటికి తెచ్చి, అప్పుడు బ్రేకు వదలండి. 796 సీసీ ఇంజిన్‌తో నలుగురిని, సామానును ఎక్కిస్తున్నాం. రెండో గేరులో మొరాయిస్తుంటే క్లచ్‌తో సాయం చేయకుండా మొదటికి దిగండి.

వైరు మార్చడం, దారిలో తెగితే చేయాల్సింది

లీవర్ దగ్గర నట్టు పూర్తిగా తీసి, పైతొడుగును బ్రాకెట్ నుంచి విడిపించండి. పెడల్ కొక్కెం దగ్గర కొస తప్పించి, వైరును ఇంజిన్ వైపుకు లాగేయండి. కొత్తదాన్ని పాతదాని పక్కన పరిచి పొడవు సరిచూసుకోండి. పాతది వెళ్లిన దారిలోనే కొత్తది వెళ్లాలి. ఎక్కడా కోణంలా వంగకూడదు, సైలెన్సర్ పైపు వేడికి దగ్గరగా పోకూడదు. కొక్కెం దగ్గర గ్రీజు రాసి, తగిలించి, ఇరవై సార్లు తొక్కి, పైన చెప్పినట్టు ప్లే పెట్టండి.

కొత్త వైర్లు కూడా త్వరత్వరగా చెడుతుంటే ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు చూడండి. అది తెగినా, తుప్పు పట్టినా, స్టార్ట్ చేసేటప్పుడు వెళ్లే కరెంటు క్లచ్ వైరు గుండా దారి వెతుక్కుంటుంది. వైరు లోపల వేడెక్కి తొడుగు కరుగుతుంది. దీన్ని షెడ్డులో ఎవరూ అనుమానించరు.

మాకు ఒకసారి సుంకి దాటాక, చీకటి పడ్డాక తెగింది. డిక్కీలో స్పేర్ వైరు ఉండబట్టి, మా తమ్ముడు టార్చి పట్టుకుంటే అక్కడే మార్చుకుని జయపురం చేరాం. ఎక్కుడులో తెగితే మీరు కూడా ముందు పక్కకు ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల వెనక పెద్ద రాళ్లు పెట్టి, వెనక వచ్చేవాళ్లకు కనిపించేలా కొంత దూరంలో కొమ్మలు వేయండి. ఆ తర్వాతే పని.

స్పేర్ లేకుండా చదును రోడ్డు మీద తెగితే దగ్గరి ఊరిదాకా క్లచ్ లేకుండానే వెళ్లొచ్చు. ఇంజిన్ ఆపి, మొదటి గేరు వేసి, ముందు ఎవరూ లేరని చూసుకుని తాళం తిప్పండి. స్టార్టరే బండిని కదిలిస్తుంది, ఆ కుదుపులోనే ఇంజిన్ అందుకుంటుంది. అదే గేరులో నెమ్మదిగా వెళ్లండి. ఆపాలంటే యాక్సిలరేటర్ వదిలి గేరు న్యూట్రల్‌లోకి లాగి బ్రేకు వేయండి. ఘాటీలో మాత్రం ఈ ప్రయత్నం వద్దు.

చప్పుళ్లు

పెడల్ తొక్కినప్పుడు గీ మని వచ్చి, వదిలితే పోయే చప్పుడు రిలీజ్ బేరింగ్‌ది. వదిలినప్పుడు వచ్చి తొక్కితే పోయేది గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్‌ది. కదిలేటప్పుడు బండి మొత్తం వణికితే ప్లేటును అనేముందు ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు చూడండి.

ప్లేటు నిజంగానే పోతే

ఇది గేర్‌బాక్స్ దింపాల్సిన పని, షెడ్డులోనే చేయించండి. అయితే పక్కనే నిలబడండి. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్పించండి. మళ్లీ దింపే ఖర్చు కంటే అదే చవక. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, గీతలు ఉన్నాయేమో చూడండి. పాత ప్లేటు ఆయిల్‌తో తడిసి ఉంటే క్రాంక్ వెనక సీలు గానీ గేర్‌బాక్స్ సీలు గానీ కారుతోంది. అది మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే అదీ తడుస్తుంది. ఆయిల్ పీల్చుకున్న లైనింగ్‌ను పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోకండి. లోపలి దుమ్మును గాలి కొట్టి ఎగరేయనివ్వకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవమని చెప్పండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

పాత ప్లేటును అడిగి తీసుకుని రివెట్ల తలల పైన ఎంత లైనింగ్ మిగిలిందో మీ కళ్లతో చూడండి. కొత్తది వేశాక మొదటి 500 కిలోమీటర్లు అయ్యేసరికి లీవర్‌ను మళ్లీ వేళ్లతో ఆడించి చూడండి. కొత్త లైనింగ్ సర్దుకునేటప్పుడు ప్లే కొంచెం తగ్గుతుంది, నట్టు ఒక అర చుట్టు వదలాల్సి రావచ్చు.